గంట మోగకముందు

చర్చిలో ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. దాని కింద రొట్టెముక్కల పళ్లేలు రెండూ, ద్రాక్షరసం పోసిన చిట్టిగ్లాసుల పళ్లేలు నాలుగూ ఉన్నాయని రాజాబాబుకు చూడకుండానే తెలుసు, పొద్దున్న వాటిని సర్దింది తనే కాబట్టి. రొట్టె కోసింది ఈ చేతులే. అంతకు పావుగంట ముందు పక్కింటి లక్ష్మీకుమారి ఇచ్చిన స్టీలు డబ్బా మూత తీసి, అందులోని వేడివేడి బూరెల్ని సుపేలా రోడ్డు పక్క చెత్తకుండీలో బోర్లించిందీ ఈ చేతులే. బోర్లించి, జేబురుమాలుతో శుభ్రంగా తుడుచుకుని మరీ వచ్చాడు. ఇప్పుడు ముందు వరసలో, సంఘ పెద్దలకు వేసిన కుర్చీల్లో రెండోదాంట్లో కూర్చుని, ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి మోకాళ్ల మీదా ఒకసారి చంకల్లోనూ పెట్టుకుంటున్నాడు. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. పాస్టరుగారు ప్రసంగంలో ఇంకా మొదటి అంశం దగ్గరే ఉన్నారు. ఆయనకు మూడు అంశాలుంటాయి, మూడోదానికి మళ్లీ మూడు పిల్ల అంశాలుంటాయి. పదకొండున్నరకు స్టీలుప్లాంటు సెక్టర్ 2లో తమ పక్క క్వార్టరు ముందున్న ట్రక్కు కదులుతుంది. దాని వెనకే లక్ష్మీకుమారి, రిటైరైన ఆమె మొగుడు అప్పలసూరి సొంతూరికి పోవడానికి ఆటో ఎక్కి దుర్గ్‌లో విశాఖ రైలు అందుకుంటారు. ఇరవై రెండేళ్ల ఇరుగుపొరుగు అంతటితో సరి. ఆ లోపల డబ్బా తిరిగి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఆమె అడుగుతుంది.

ఏమని అడుగుతుందో కూడా తెలుసు, ఇరవై రెండేళ్లుగా ఒకటే ప్రశ్న. ఉగాదికి, చవితికి, దసరాకి, దీపావళికి, వాళ్ల ఊరి అమ్మవారి పండక్కి డబ్బా వచ్చేది. మర్నాడు కడిగిన డబ్బాను పెరటిగోడ మీంచి అందిస్తుంటే ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేది. "తిన్నారేటి అన్నయ్యా? పులిహోరలో ఏటో తేడా సేసింది కదా, నిజిం సెప్పండి. మా ఇంట్లో ఈళ్లు ఏటొండినా బాగున్నాదంతారు. మీరైతే అబద్దమాడరు." రాజాబాబు కాస్త ఆలోచించినట్టు ముఖం పెట్టి, "అంతా బాగుందమ్మా, ఉప్పే ఒక్క పిసరు తగ్గింది" అనేవాడు. ఊరికే బాగుందంటే నమ్మదని ఆ పిసరు లోపం తనే కల్పించేవాడు. రైలుపట్టాల మిల్లులో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇన్‌స్పెక్టరు ఉద్యోగం, పట్టా మీద వెంట్రుకంత బీట కనపడినా సుద్దతో గీత గీసి పక్కన పెట్టించే మనిషి, అబద్ధానికి కూడా తనిఖీ ముద్ర వేయకుండా ఉండలేకపోయాడు. మరుసటి పండక్కి ఆమె ఉప్పు సరిచేసి పంపేది. ఆ సరిచేసినదాన్నీ అతను నోట పెట్టలేదు. ఎలా ఉందంటే మాత్రం, "ఈసారి సరిపోయింది" అన్నాడు. ఆ రోజు ఆమె ముఖం ఎంత వెలిగిపోయిందో ఇప్పుడు కళ్లముందుకు వస్తుంటే రాజాబాబుకు కుర్చీలోంచి జారి నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

ఇదంతా ఇందాకటివరకూ ఇంత సిగ్గుగా లేదు. అసలు సిగ్గుగానే లేదు. విగ్రహానికి పెట్టిన ఆహారం ముట్టకూడదు, పొరుగువాళ్ల మనసూ నొప్పించకూడదు, రెండూ నెరవేరుతున్నాయి కదా అని కొంచెం గర్వంగా కూడా ఉండేది. పారబోసే పని ఇంటి దగ్గర పెట్టుకునేవాడు కాదు, ఎవరైనా చూస్తారని. స్కూటరు డిక్కీలో వేసుకుని డ్యూటీకి పోతూ దారిలో ఖాళీ చేసేవాడు. ఇందాక రెండో పాట పాడుతుండగా కుముదిని ఆటోలో వచ్చింది. పక్కింటి గిన్నెలు గోతాల్లో సర్దడానికి వెనక ఉండిపోయిన భార్య, వచ్చి ఆడవాళ్ల వైపు కూర్చోకుండా వరండాలో నిలబడి చెయ్యి ఊపింది. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని లేచి వెళ్లాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏవండీ, మనం ఎంత పని చేశామో తెలుసా? ఆ డబ్బాలోవి ప్రసాదాలు కావటండీ. భాగ్యరేఖ చెప్పింది." భాగ్యరేఖ అంటే లక్ష్మీకుమారి కూతురు, సామాన్లు సర్దడానికి రాయపూర్ నుంచి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మొదలుపెడితే హిందీలో తేలుతుంది. "ఆంటీ, ఆప్‌లోగోంకా డబ్బా మమ్మీ సబ్‌సే పెహ్లే నికాల్తీ థీ," అందట. పూజకు పెట్టకముందే, పొయ్యి మీంచి దించీ దించగానే, అన్నిటికన్నా ముందు మీ డబ్బా నింపేది. దేవుడి దగ్గర పెట్టింది మీరు తినరని. చిన్నప్పుడు మేం అందులో చెయ్యి పెడితే వీపు పగిలేది. అందుకే ఆ డబ్బా అడుగున చిన్న శిలువ గుర్తు చెక్కించింది, పూజ గిన్నెల్లో కలిసిపోకుండా. ఊరికి కూడా పట్టుకెళ్తుందట, దానికోసం వేరే గుడ్డసంచి కుట్టి పెట్టుకుంది. కుముదిని చెప్తూ చెప్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇవాళ్టివైనా తిందామండీ. బల్ల అవగానే గబగబా వెళ్లి, వాళ్ల ముందే కూర్చుని తిందాం. డబ్బా ఏది?"

"డిక్కీలో ఉంది," అన్నాడు రాజాబాబు. అబద్ధం కాదు. డబ్బా డిక్కీలోనే ఉంది.

ఇప్పుడామె ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. మధ్యమధ్య ఇటు చూస్తోంది, ముఖంలో ఒక తేట. తప్పు దిద్దుకోడానికి ఒక పూట మిగిలిందన్న తేట. ఆ చూపు తగిలినప్పుడల్లా అతను బల్ల మీది గుడ్డ అంచు వైపు చూపు తిప్పుకుంటున్నాడు. శిలువ గుర్తు. అతను చూశాడు దాన్ని, చూడకేం? ఎన్నిసార్లు ఆ డబ్బాను బోర్లించాడు! ప్లస్ గుర్తనుకున్నాడు. గిన్నెల కొట్టువాడు వేసుకున్న గుర్తేదోలే అనుకున్నాడు. శిలువను చూసి ప్లస్ అనుకున్న సంఘ పెద్ద, ఆదివారం ఉదయం పెద్దవాళ్ల క్లాసుకి వాక్యోపదేశకుడు. నవ్వొచ్చేదే, ఇంకొకళ్ల సంగతైతే.

పాస్టరుగారు రెండో అంశంలోకి వచ్చారు. రాజాబాబు చెవిలో మోగుతున్నది మాత్రం గంట, పక్కింటి పూజగంట. రెండు క్వార్టర్లకూ నడిమి గోడ ఒకటే, అటు పోపు వేస్తే ఇటు తుమ్ములొచ్చేవి. పండగనాడు ఆ గంట మోగేటప్పుడు తనేం చేస్తుండేవాడు? గుర్తుంది. వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న డబ్బాను చూస్తూ, దీన్నెలా బయటికి చేర్చడమా అని ఆలోచిస్తుండేవాడు. అంటే అప్పటికే డబ్బా వచ్చేసి ఉండేదన్నమాట. చవితినాడు తొమ్మిదికల్లా డబ్బా, పదకొండు దాటాక గంట. దీపావళికి ఇంకా ప్రమిదల్లో నూనె పొయ్యకముందే డబ్బా. ఏ ఏడాది తల్చుకున్నా అంతే, డబ్బా ముందు, గంట తర్వాత. ఎన్నడూ డబ్బాలో కుంకుమ మరక లేదు, పూరేకు లేదు, తులసాకు లేదు. ఇవాళ పొద్దున్న కూడా, "ఏడేడిగా ఉన్నాయన్నయ్యా, మీ గుడి కాడికెల్లి తినండి, డబ్బా మాత్రం టరక్కు ఎల్లకముందే ఇచ్చీయండి" అని ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్లింది. అతను బండి స్టార్టు చేస్తుంటే, మంచాలు బీరువాలు తీసేసిన ఖాళీ ఇంట్లోంచి గంట బోలుగా మోగింది. చివరి దీపం పెడుతున్నారు పాపం అనుకున్నాడు. అనుకుని, చెత్తకుండీ దారి పట్టాడు. ఇరవై రెండేళ్లు ప్రతి పండక్కీ విన్న వరస అది. వెంట్రుకంత బీటను పట్టుకునేవాడికి, ఏది ముందో ఏది వెనకో తెలియలేదు.

తెలియకపోవడానికి కారణం ఉంది, ఆ కారణం తల్చుకుంటే ఇంకా నామర్దా. అసలు మొదట నిజం చెప్పింది తనే. ఆ క్వార్టర్లో దిగిన కొత్తల్లో, మిల్లు క్యాంటీన్లో టీ తాగుతూ అప్పలసూరితో అన్నాడు, "సూరీ, మేం నైవేద్యం పెట్టినవి తినం, ఏమీ అనుకోకు." అప్పలసూరి అదే మిల్లులో క్రేను నడిపేవాడు, పైనుంచి అరిచి అరిచి గొంతు బండబారిన మనిషి. "దానికేటి భయ్యా, మా దానికి సెప్తాను," అన్నాడు. చెప్పాడు కూడా. ఆమె వింది, ఆ ఒక్క మాట పట్టుకుని డబ్బా కొంది, గుర్తు చెక్కించింది, ముందుగా తీసి పెట్టింది. నెల తిరక్కుండా ఉగాదికి డబ్బా వచ్చినప్పుడు రాజాబాబు ఏమనుకున్నాడు? వీళ్లకెంత చెప్పినా ఎక్కదు అనుకున్నాడు. గోడ దగ్గరకెళ్లి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆమె నవ్వి చెప్పేసేది. అడగడం మొహమాటమైంది, పారేయడం తేలికైంది. ఈ విషయం మీద వాక్యంలో ఏముందో అతనికి కంఠతా వచ్చు, మొన్న మార్చిలోనే దాని మీద మూడు వారాలు క్లాసు తీసుకున్నాడు. సందేహం పెట్టుకోకుండా తినొచ్చన్న మాట ఉంది. ఇది అర్పించింది అని ఎవరైనా చెబితే మానుకోమన్న మాటా ఉంది. నవ్వుతూ తీసుకుని, చెత్తలో పోసి, రుచి బాగుందని చెప్పమన్న మాట ఎక్కడా లేదు. ఎంత వెతికినా లేదు. తిన్నవాడిదీ ఒక విశ్వాసమే, తిననని మొహం మీద చెప్పినవాడిదీ ఒక విశ్వాసమే. తనది ఏ పక్క పడుతుందో రాజాబాబుకు ఎంత ఆలోచించినా తేలలేదు.

కూతురు మణిమాలకు ఐదేళ్లప్పటి సంగతి. వంటింట్లో ఎత్తు పీట వేసుకుని ఎక్కి డబ్బా మూత తీసి, ఒక బెల్లం పాకుండ నోట్లో పెట్టుకుంది. అతను చూశాడు. కోపం కాదు, భయమే వేసింది, నిజంగా భయమే. పిల్లను సింకు దగ్గరికి లాక్కెళ్లి, నోట్లో వేలు పెట్టి, కక్కించి, పుక్కిలింపించాడు. పిల్ల వెక్కుతూనే ఉంది. మర్నాడు గోడ దగ్గర లక్ష్మీకుమారి వంగి, "ఏటమ్మా, నీకు పాకుండలు నచ్చినాయేటి?" అని అడుగుతుంటే మణిమాల తండ్రి ముఖంలోకి చూసి, మెల్లగా అంది, "డాడీ, జూఠ్ బోల్నా హై క్యా?" అబద్ధం చెప్పాలా అని. లక్ష్మీకుమారికి వినపడలేదు. రాజాబాబు పిల్ల భుజం నొక్కాడు. "బాగున్నాయి ఆంటీ," అంది పిల్ల. ఆ రోజున అతను కూతురికి రెండు పాఠాలు చెప్పాడు, సింకు దగ్గర ఒకటి, గోడ దగ్గర ఒకటి. మణిమాల పెళ్లి చేసుకుని నాగపూర్‌లో ఉంటోంది ఇప్పుడు. ఆదివారం గుడికి పోవడం మానేసింది. ఎందుకమ్మా అంటే, "ఊరికే డాడీ" అంటుంది, నవ్వుతూ. ఆ నవ్వు ఎవరి దగ్గర నేర్చుకుందో ఇప్పుడు తెలుస్తోంది.

"రోగం వచ్చినప్పుడు మన పొరుగువాడెవడు?" అని పాస్టరుగారు గొంతు పెంచారు. రాజాబాబు ఉలిక్కిపడ్డాడు. కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో అతనూ కుముదినీ మంచాన పడితే పద్దెనిమిది రోజులు పక్కింటినుంచి రెండుపూటలా అన్నం. గేటు మీద క్యారేజీ తగిలించి, దూరంగా జరిగి, "అన్నయ్యా, ఒదినా, ఏడిగా తినీండి" అని కేకేసేది. అది తిన్నారు, కళ్లనీళ్లతో తిన్నారు. అది పండగ కూడు కాదు కాబట్టి పేచీ లేదు. నడుమ ఒకరోజు ఉగాది వచ్చింది, క్యారేజీతోపాటు ఆ డబ్బా వచ్చింది. జ్వరం నూట రెండు. బండి మీద వెళ్లే ఓపిక లేదు, గేటు దాటే వీల్లేదు. రాజాబాబు గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లి, కరివేపాకు చెట్టు మొదట్లో తవ్వుకోలతో గొయ్యి తీసి, ఆయాసంతో రెండుసార్లు కూలబడి, డబ్బాలోవన్నీ అందులో పోసి మట్టి కప్పాడు. ఆ పూట ఊపిరాడని మనిషికి దానిమీద పెట్టిన ఓపిక ఎక్కణ్నుంచి వచ్చిందో! అప్పుడు దాన్ని విశ్వాసపు బలం అనుకున్నాడు. మిగతా క్యారేజీ ఎదర పెట్టుకుని దేవుడికి స్తోత్రం చెప్పి, ఆమె చేతి పప్పే కలుపుకుని తిన్నాడు.

వెనక ఎవరో దగ్గారు. చివరి బెంచీ, గుమ్మం పక్క. ఆ దగ్గు నూకాలమ్మది, చూడకుండానే తెలుసు. నూకాలమ్మ కాంట్రాక్టు కింద రోడ్లు ఊడుస్తుంది, బాప్తిస్మం తీసుకుని పదేళ్లయినా అమ్మవారి పేరు మార్చుకోలేదని కొందరికి గుర్రు. కిందటేడు తనంతట తనే వచ్చి సంఘ పెద్దల ముందు నిలబడి చెప్పింది. "మా అక్క ఇంటికాడ పెసాదం తిన్నానండి. వొద్దంతే ఏడిసింది. కాన్సరుతో ఉన్నాది. తినీసినాను. నిజిం సెప్పాల గదా అని సెప్తన్నాను." ఎవరూ చూడలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆమె చెప్పకపోతే లోకానికి తెలిసేదే కాదు. ఆరు నెలలు బల్లకు దూరం అని నియమం చదివి వినిపించింది రాజాబాబు. కళ్లజోడు సర్దుకుని, తప్పు చెప్పుకున్నందుకు మెచ్చుకుంటూ, తప్పు తప్పే కదమ్మా అంటూ. ఆమె తలూపింది. ఆరునెలలు ఎప్పుడో గడిచిపోయాయి. అయినా నూకాలమ్మ చెయ్యి చాపడం లేదు. పళ్లెం తీసుకెళ్తే చేతులు కొంగులో దాచేసుకుని, తల వంచి, పక్కవాళ్లకు ఇమ్మని మోచేత్తో చూపిస్తుంది. పళ్లెం పట్టుకుని వెళ్లేది ఎవరో చెప్పాలా? నెలనెలా ఆ కొంగులో దాచిన చేతుల ముందు ఒక్క క్షణం ఆగి, వినయం అంటే ఇదీ అని మనసులో మెచ్చుకుని మరీ ముందుకు నడిచేవాడు. తిని నిజం చెప్పిన ఆడమనిషి గుమ్మం దగ్గర. తినకుండా తిన్నానన్న పెద్దమనిషి ముందు కుర్చీలో.

పదీ నలభై ఐదు. పోనీ చెప్పకపోతే? ఈ ఆలోచన ఇందాకటినుంచీ తలుపు దగ్గర నిలబడి ఉంది, ఇప్పుడు లోపలికొచ్చి కూర్చుంది. చెప్తే ఎవరికి లాభం? ఆమె సంతోషంగా వెళ్తోంది. రైల్లో కూర్చుని, మా పక్కింటివాళ్లు నా చేతి వంట ఎంత ఇష్టంగా తినేవారో అని తల్చుకుంటూ వెళ్తుంది. చెప్పి ఆ సంతోషం ఊడబెరకడం ఏం ధర్మం? నీ గుండె బరువు దింపుకోడానికి ఆమె నెత్తిన పెడతావా? ఎంత నిండైన మాటలు, ఎంత ప్రేమగల మాటలు! రాజాబాబు వాటిని వింటూ వింటూ ఒకచోట ఆగాడు. ఈ గొంతు తనకు బాగా పరిచయం. ఆంటీ బాధపడుతుంది, బాగున్నాయని చెప్పు అని పిల్ల భుజం నొక్కింది ఈ గొంతే. అదే మెత్తదనం. డబ్బా ఆమె చేతిలో పెట్టి, "ఈసారి సరిపోయిందమ్మా" అంటే చాలు, రెండు క్షణాల పని, బండి కదిలిపోతుంది, ఇంకెప్పుడూ ఎవరూ అడగరు. కుముదినికి ఏదో చెప్పుకోవచ్చు, ఆకలేసి అన్నీ తినేశాననొచ్చు. అదీ తయారుగానే ఉంది, చూడండి! అడక్కముందే నాలుక మీదికి వచ్చి కూర్చుంది. 

పాస్టరుగారు మూడో అంశాన్ని ఎందుకో ఇవాళ కుదించారు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గుడ్డకు నాలుగు కొసలా పట్టుకుని పెద్దలు మడతపెట్టాలి, రాజాబాబు లేచి తనవైపు కొసలు పట్టుకున్నాడు, అలవాటుగా మడిచాడు. రొట్టె కనపడింది. పొద్దున్న ఎంత సమంగా కోశాడో అన్ని ముక్కలూ అంత సమంగా ఉన్నాయి. "ఒక్క నిమిషం మౌనంగా ఎవరికి వాళ్లం మన మనసుల్ని పరీక్షించుకుందాం. ఎవరితోనైనా తగవు ఉంటే, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే..." అన్నారు పాస్టరుగారు, ప్రతినెలా అనేమాటే. ప్రతినెలా ఆ నిమిషంలో రాజాబాబు కళ్లు మూసుకుని, వెతికి, ఏమీ దొరక్క, కృతజ్ఞతలు చెప్పుకునేవాడు. ఫ్యాన్ల చప్పుడు. ఎవరి పిల్లో సణుగుతోంది. పాస్టరుగారు పళ్లెం ఎత్తి అతని చేతికిచ్చారు. చేతులు చాపి అందుకున్నాడు. బెల్లం, నెయ్యి, యాలకులు. తుడుచుకున్నా పోలేదు. వేళ్లనుంచి వాసన, సన్నగా, రొట్టె మీదికి.

రాజాబాబు పళ్లేన్ని పక్కనున్న పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన, ఏమైంది, ఒంట్లో బాలేదా అన్నట్టు చూశాడు. ఒంట్లో బాగానే ఉంది. నడవలోకి దిగి గుమ్మం వైపు నడిచాడు, ఎదురుగా అన్ని ముఖాలూ. బల్ల పరిచాక పెద్ద లేచి వెళ్లిపోవడం ఈ సంఘంలో ఎవరూ చూసి ఉండరు. కుముదిని సగం లేచింది. ఆమె వైపు చూడలేకపోయాడు. ఆమెకు కూడా చెప్పాలి, అది ఇంకో గోడ. చివరి బెంచీ దగ్గర నూకాలమ్మ దారికి అడ్డమని కాళ్లు ముడుచుకుంది. ఆగాడు. ఏదో అనాలి. ఆమె తలెత్తి చూసింది, భయంగా, మళ్లీ తనేదో చేసిందేమోనని. "నీతో మాట్లాడాలమ్మా. వస్తాను," అన్నాడు. ఆమె జవాబు కోసం ఆగకుండా గుమ్మం దాటాడు.

సుపేలా రోడ్డు మీద చెత్తకుండీ దగ్గర రెండు ఆవులున్నాయి. అటు చూడకూడదనుకుంటూనే చూశాడు. అక్కడ ఏమీ మిగల్లేదు. ట్రాఫిక్కులో ఆగినప్పుడల్లా డిక్కీలో ఖాళీ డబ్బా టంగుమని మోగుతోంది. ఇంటి సందు తిరిగేసరికి ట్రక్కు మీద పరదా కట్టేస్తున్నారు. గేటు దగ్గర అప్పలసూరి గిన్నెల గోతం ఒకటి మూతి తెరిచి పట్టుకుని, పెళ్లాన్ని తొందరపెడుతున్నాడు. లక్ష్మీకుమారి ఖాళీ చేస్తున్న ఇంటి గుమ్మాన్ని కూడా కడిగింది, తడికాళ్లతో ఎదురొచ్చింది. భుజానికి చిన్న గుడ్డసంచి ఉంది, కొత్తది, ఖాళీది.

"వచ్చీసారా అన్నయ్యా! బల్ల రోజు గదా, అప్పుడే అయిపోనాదేటి?"

"అవలేదమ్మా. మధ్యలో వచ్చేశాను."

ఆమె డబ్బా అందుకుని, తేలిగ్గా ఉండడం చూసి నవ్వింది. "ఒదినకి ఒకటైనా ఉంచారా లేదా? ఎలగున్నాయి? పూర్ణం గట్టిపడిపోనాదేమోనని నాకు ఒకటే ఇదిగా ఉన్నాది. నిజిం సెప్పండి."

"తినలేదు. చెత్తకుండీలో పారేశాను," అన్నాడు రాజాబాబు. "ప్రసాదం అనుకుని."

ఆమె నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు. తర్వాత అతన్ని ఓదార్చడానికే అన్నట్టు దగ్గరికి జరిగింది. "అయ్యో, పెసాదం కాదన్నయ్యా. మీకు ముందే తీసీసి ఉంచుతాను, ఎప్పుడూను. మీకు తెలుసుననుకున్నాను. పోన్లెండి, తెలీకే గదా. ఒక్కరోజుకి ఏటైపోతాది."

అక్కడితో ఆపేయొచ్చు. ఆమే క్షమించేసింది, ఒక్కరోజుకి. దారి తెరిచి ఇచ్చింది. అప్పలసూరి చేతి గడియారం చూసుకుంటున్నాడు. రాజాబాబు చేతులు కట్టుకోబోయి, మానేసి, కిందికి వదిలేశాడు.

"ఒక్కరోజు కాదమ్మా. ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూ అంతే?"

"ఎప్పుడూ. మొదటి ఉగాది నుంచీ."

ఆమె అతన్ని చూసింది. కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు. ఏదో పాత సంగతి జ్ఞాపకం చేసుకుంటున్నట్టు కళ్లు చిన్నవి చేసింది. "పులిహోరలో ఉప్పు తగ్గిందన్నారు గదా," అంది మెల్లగా. "తినకండా ఎలగ తెలిసింది?"

రాజాబాబు నోరు తెరిచాడు. ఎన్నేళ్లుగానో క్లాసులు చెప్పిన నోరు. తప్పు చేశానమ్మా అన్నాడు. 

లక్ష్మీకుమారి డబ్బా మూత బిగించింది. అడుగునున్న గుర్తు మీద బొటనవేలు ఒకసారి రాసింది. భుజానున్న గుడ్డసంచి వైపు చెయ్యి వెళ్లింది, ఆగింది. వంగి, ఆ డబ్బాను అప్పలసూరి పట్టుకున్న గోతంలో, మిగతా గిన్నెల మధ్యకు వదిలేసింది. అప్పలసూరి గోతం మూతి బిగించి కట్టాడు.